పిడికెడు జొన్నలు

మా మనవరాలికి ఈమధ్యే సిటీలో ఉద్యోగం వచ్చింది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా నా పక్కన కూర్చుని ఫోను చూపించింది.

"నానమ్మా, ఇది చూడు. నేను చాయ్ తాగినా, ఆటో ఎక్కినా, ఏది కొన్నా ఇన్ని చిల్లర పైసలు పక్కకు జరిగి సేవింగ్స్‌ల పడతయ్. నాకు తెల్వకుండనే జమైతయ్."

"నీకు తెల్వకుండ నీ పైసలెట్ల పోతయే?"

"పోతలేవు నానమ్మా, దాస్తున్న. తెలిస్తే ఖర్చు పెడ్త గద, అందుకే."

ఏడాది గడిస్తే స్కూటీకి మొదటి కిస్తీ కట్టొచ్చని అది ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. నేను వింటూనే ఉన్నాను. కానీ ఎక్కడి నుంచో అప్పుడే విసిరిన జొన్నపిండి వాసన వచ్చినట్టయింది. పచ్చిగా, కాస్త తియ్యగా, తిరిగి తిరిగి వేడెక్కిన రాతి వాసనతో కలిసిన వాసన. అది మా అవ్వ చీర కొంగు వాసన. మా ఇంట్లో ఇప్పుడు జొన్నపిండి ప్యాకెట్లో వస్తుంది, అందులో ఆ వాసన ఉండదు. అయినా నాకు తగిలింది.

అది ఫోను పెట్టేసి అన్నానికి లేచింది. నేను మాత్రం చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

మేమప్పుడు మొయినాబాద్‌కూ చేవెళ్లకూ నడుమ, సడక్ దిగి లోపలికి నడవాల్సిన ఊళ్లో ఉండేవాళ్లం. పక్క ఊరు హిమాయత్‌నగర్ వైపు పోయే బండ్ల బాట మా వాడ పక్కనుంచే పోయేది. మట్టిగోడల ఇళ్లు, వాటి మీద గూనపెంకులు, నడుమ రేకుల కప్పుతో చిన్న చర్చి. గంట కొనే స్తోమత లేక, రైలుపట్టా ముక్క ఒకటి దూలానికి వేలాడదీసి సుత్తితో కొట్టేవాళ్లు. వాడలో చర్చికి వచ్చే ఇళ్లు కొన్ని, రాని ఇళ్లు కొన్ని. కలుపు తీసే దగ్గరా, నిప్పు అడుక్కునే దగ్గరా ఆ తేడా ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇంట్లో అవ్వ, బాపు, అమ్మ, నేను, మా మేనత్త. అవ్వ మా బాపుకు తల్లి. అత్తమ్మ బాపుకు ఒక్కతే చెల్లెలు. బాపు ద్రాక్షతోటలో జీతానికి ఉండేవాడు, అమ్మ కూలికి పోయేది. అత్తమ్మ బంతితోటల్లో పూలు తెంపేది. అందుకే ఆమె చేతులు ఎప్పుడూ పసుపుపచ్చగా ఉండేవి, ఘాటుగా బంతి వాసన వేసేవి. నాకు జడ వేసింది ఆమె, పలక మీద అక్షరాలు దిద్దించింది ఆమె, జ్వరమొస్తే పక్కలో పడుకోబెట్టుకుంది ఆమె. అమ్మ కన్నదన్న మాటే గానీ నేను అత్తమ్మ చంక దిగలేదని అందరూ అనేవాళ్లు.

ఒక ఎండాకాలం అత్తమ్మకు ఆలూరు సంబంధం కుదిరింది. పెళ్లి మా చర్చిలో, భోజనాలు మా వాకిట్లో.

ఆ రోజుల్లో మా వాడలో ఎవరి ఇంట్లోనూ పదిమందికి మించి వండే గిన్నె ఉండేది కాదు. పెళ్లయినా, చావయినా చేవెళ్లలో కిరాయికి సామాన్లిచ్చే షావుకారు దగ్గరికి పోవాలి. అతని దగ్గర పెద్ద పెద్ద రాగి డేగిషాలు ఉండేవి, మనిషి లోపల కూర్చుంటే తల కూడా కనిపించనంత పెద్దవి. బాపు ముందే పోయి కిరాయి ఇచ్చేసి, బండి మీద రెండు డేగిషాలు తెచ్చాడు. ముందురోజే వాటిని మూడు రాళ్ల పొయ్యిల మీదికి ఎక్కించారు. నేనూ నా దోస్తూ వాటి అంచులు పట్టుకుని లోపలికి వంగి కూతలు పెట్టి, తిరిగొచ్చే మా గొంతులు విని నవ్వుకున్నాం.

పెళ్లినాడు పొద్దున మాంసం తరిగారు. దాల్చాకు పప్పు ఉడుకుతోంది. బగారన్నానికి ఎసరు పెట్టారు. వాకిలంతా లవంగం, పుదీన వాసన. అప్పుడు షావుకారు మనిషి బండి తోలుకుని వచ్చాడు.

"డేగిషాలు వాపస్ కావాలంట," అన్నాడు బాపుతో, బండి దిగకుండానే.

"అదేంది? కిరాయి ఇచ్చిన గద. ఇయ్యాల్నే పెండ్లి."

"పెద్ద పటేలింట్ల గూడ ఇయ్యాల్నే పెండ్లి. ఆళ్లకు తక్కువ పడ్డయట. నీ పైసలు నీకు వాపస్ ఇస్తడు, ఫికర్ చెయ్యకు."

"పైసలు నేనేం జేసుకోను అన్నా? ఎసరు మరుగుతున్నది, సూడు. జర సాయంత్రం దాంక ఆగుమను."

"నేను చెప్పెటోన్ని గాదు, తెచ్చెటోన్ని."

బాపు చేతులు జోడించాడు. పాస్టరు కూడా వచ్చి అడిగాడు. ఆ మనిషికి మా మీద కోపమేమీ లేదు. తల గోక్కుంటూ నేల చూస్తూ నిలబడ్డాడు. కానీ వట్టి బండితో తిరిగిపోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. చివరికి నలుగురు మగవాళ్లు పప్పును కుండల్లోకి తోడి, ఎసరు డేగిషాను తడిగుడ్డలతో పట్టుకుని ఒంచారు. మరుగుతున్న ఎసరు వాకిట్లో పొగలు కక్కుతూ పారింది. దాని మీద లవంగాలూ పుదీనాకులూ తేలుతూ గుమ్మం దాటి బాట మీదికి పోవడం నేను చూస్తూ ఉన్నాను. 

ఆ తరువాత ఆడవాళ్లంతా పరుగు తీశారు. ఇంటికింత బియ్యం పంచుకుని, ఎవరి పొయ్యి మీద వాళ్లు, ఉన్న చిన్న చిన్న గిన్నెల్లో వండారు. ఒక ఇంటి అన్నం ముద్దయింది, ఒక ఇంటిది పలుకుగా ఉండిపోయింది. ఆలూరు వాళ్లు విస్తర్ల ముందు కూర్చుని ఎదురుచూశారు. మొదటి బంతికి అన్నం అందింది, రెండో బంతికి సగంలో ఆగిపోయింది. కొందరు తిన్నారు. కొందరు విస్తరి మడిచి లేచిపోయారు. అత్తమ్మ పందిట్లో తల వంచుకుని కూర్చుని అంతా వింటూనే ఉంది. ఆమె తినలేదు. బండెక్కేటప్పుడు ఆమె అత్తగారు ఎవరితోనో అన్న మాట మా అందరికీ వినిపించింది.

"అన్నం వొండ గిన్నె లేని ఇంట్ల పిల్లను జేస్కున్నం."

బండి సడక్ దాకా పోయేవరకు అవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఆ తరువాత కొన్నాళ్లు అవ్వ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, పక్కన అత్తమ్మ లేని చోటు చల్లగా తగిలేది. పొద్దున్నే అమ్మ జడ వేసేది. అది ఎప్పుడూ ఒక పక్కకు వంగేది.

ఒకనాడు అవ్వ ఇసుర్రాయి ముందు కూర్చుంది. రోజుకు సరిపడా జొన్నలు చాటలో ఉన్నాయి. ఆ కాలంలో మాకు బియ్యం పండుగకో, చుట్టాలొస్తేనో. రోజూ తినేది జొన్నరొట్టె, లేకపోతే జొన్నరవ్వతో కాచిన గటక, పక్కన పచ్చిపులుసు. అవ్వ రాతి నోట్లో జొన్నలు పోయబోతూ ఆగి, చాటలోంచి పిడికెడు వెనక్కి తీసింది. ఉట్టి కింద ఉన్న మట్టి గురిగిలో పోసింది. ఆ తరువాత ఏమీ జరగనట్టు విసరడం మొదలుపెట్టింది.

"అదేంది అత్తా?" అంది అమ్మ. "దేవుని పిరికెడు పొద్దుగాల్నే తీస్తిమి గద."

మా చర్చి ఆడవాళ్లకు ఆ అలవాటు ముందునుంచే ఉంది. వంటకు ముందు దేవుడి పేర పిడికెడు తీసి, ఆదివారం చర్చికి తీసుకుపోయేవాళ్లు.

"దేవునిది దేవునికే," అంది అవ్వ. "ఇది డేగిషాకు."

అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పిరికెడు జొన్నలకు డేగిషా వస్తదా?"

"పిరికెడు తీస్తె పొట్టకు తెలువది. తీసుడు ఇడువకుంటె గురిగికి తెలుస్తది. పిల్లను పిలుద్దమంటె ఏ మొఖం బెట్టుకొని పిలుస్తం? మన గిన్నెల వొండి, మన వాకిట్ల కూసబెట్టి, కడుపునిండ పెట్టి పంపాలె. అప్పుడు పిలుస్త."

ఆదివారం ప్రార్థన అయ్యాక అవ్వ చర్చి అరుగు మీద ఆడవాళ్లను కూర్చోబెట్టింది. చర్చికి రాని ఇళ్ల వాళ్లను కూడా పిలిపించింది. ఇంటికొక పిడికెడు, రోజూ సాయంత్రం. వాడ మొత్తానికి ఒక డేగిషా. ఎవరి ఇంట్లో పెళ్లయినా, ఎవరి ఇంట్లో చావయినా ఇక షావుకారు గడప తొక్కే పని లేదు. పెళ్లినాడు పారిన ఎసరును అందరూ చూసినవాళ్లే, కాబట్టి ఎక్కువ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒకామె మాత్రం అడిగింది.

"ఒకదినం పొయ్యి మీదికే లేకపోతె?"

"ఆనాడు తీయకు," అంది అవ్వ. "ఉన్ననాడు మర్వకు. గంతే."

గురిగిల్లోని జొన్నలు శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి తెచ్చే పని నాకూ, నా దోస్తుకూ పడింది. నా దోస్తు పక్కింటి పిల్ల. వాళ్లది చర్చికి రాని ఇల్లు. గంప ఒకరం పట్టుకుంటే ఇంకొకరం గొంతెత్తి పిలిచేవాళ్లం.

"పిరికెడు అవ్వా, పిరికెడు."

ఆ సమయానికి ప్రతి ఇంటి కప్పులోంచీ పొగ లేస్తూ ఉండేది. ఒక ఇంట్లో చింతచిగురు పప్పు, ఒక ఇంట్లో ఎండుచేపల పులుసు, ఒక ఇంట్లో వట్టి ఉల్లిగడ్డ తాలింపు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో గుమ్మం చేరకముందే మాకు తెలిసిపోయేది. కొందరు గురిగి ఒంచి, చేతికి వేడి రొట్టె ముక్క కూడా పెట్టేవాళ్లు. కొందరు గురిగి నిండలేదని మా కళ్ల ముందే ఇంకొక పిడికెడు వేసేవాళ్లు. అప్పుడు వాళ్ల పిడికిళ్లను చూసి మేం పేర్లు పెట్టాం. ఒకామెది దున్నపోతు పిడికిలి, ఒకామెది కోడిపెట్ట పిడికిలి. చర్చి వెనక ఇంటి చిన్నమ్మ తీసినప్పుడు వేళ్ల సందుల్లోంచి సగం జొన్నలు మళ్లీ చాటలోకే జారిపోయేవి. ఆమెకు జల్లెడ చెయ్యి అని పేరు పెట్టాం. ఒకసారి నా దోస్తు బాట మీద నిలబడి వేళ్లు చాపి ఆమెలా నటిస్తోంటే ఆమె వెనకే వచ్చి నిలబడింది. మేం గంప వదిలేసి పరుగు. జొన్నలన్నీ మట్టిలో. చీకటిపడేదాకా ఆమే మాతో కూర్చుని ఏరింది, ఒక్క మాటా అనకుండా. తిట్టినా బాగుండేదనిపించింది.

మూట నిండినప్పుడల్లా బాపు మొయినాబాద్ అంగడిలో అమ్మి వచ్చేవాడు. ఆ పైసలను పోస్టాఫీసులో వేద్దామంది పాస్టరమ్మ. ఉతికిన చీర కట్టుకుని అవ్వ బయల్దేరితే నేనూ వెంట పోయాను. పోస్టుమాస్టరు కళ్లద్దాల పైనుంచి చూసి, ఖాతా ఎవరి పేరు మీద అని అడిగాడు.

"డేగిషా పేరు మీద రాయుర్రి సారూ," అంది అవ్వ.

ఆయన పెన్ను కింద పెట్టి నవ్వాడు. మనిషి పేరు కావాలన్నాడు. అవ్వ ఒక్కతే తన పేరు రాయించుకోవడానికి ఒప్పుకోలేదు. చివరికి ముగ్గురి పేర్లు రాశారు. అవ్వది, పాస్టరమ్మది, నా దోస్తు వాళ్ల అమ్మది. వచ్చేటప్పుడు అవ్వ నాకు పల్లి బుడ్డల పొట్లం కొనిచ్చింది. నాలుగు ఒలుచుకుని తిన్నాక, మిగిలినవి రేపటికి కట్టుకోమంది. నాకు కోపమొచ్చింది. పొట్లం ఆమె చేతికే ఇచ్చేశాను. ఆమె నిజంగానే కొంగున కట్టుకుంది.

ఆ ఏడాది క్రిస్మస్‌కు అత్తమ్మ రాలేదు. అవ్వ గారెలు చేసి ఆమె వాటా పక్కన పెట్టింది. పండుగ మర్నాడు కూడా బస్సుల వేళకు నేను సడక్ దాకా పోయి నిలబడ్డాను. తరువాత అత్తమ్మ నీళ్లాడబోతోందని కబురొచ్చింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. అవ్వ నన్ను వెంటబెట్టుకుని, చేవెళ్లలో దిగి, అక్కడి నుంచి ఆలూరు పోయింది. మూటలో అరిసెలు, ఒక పాత మెత్తటి చీర.

అత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆమె పొట్ట చూసి నాకు సిగ్గేసింది. వెనక్కి జరిగి నిలబడ్డాను. ఆమె అత్తగారు మంచం మీద కూర్చుని అరిసెల మూట అందుకుంది గానీ, విప్పలేదు.

"కాన్పు ఈడనే జేస్తం వదినా. బాలింతకు పత్యం వొండెటందుకు మీ ఇంట్ల గిన్నెలున్నయో లేవో."

అవ్వ నీళ్లు తాగి, చెంబు జాగ్రత్తగా కింద పెట్టి లేచింది.

అత్తమ్మ గల్లీ చివరిదాకా మాతో వచ్చింది. అవ్వ ముందు నడుస్తోంది. అత్తమ్మ నన్ను ఆపి, జడ విప్పి, అక్కడే గోడ నీడలో మళ్లీ అల్లింది.

"ఎవరేస్తున్నరే గిట్ల వంకర?"

"అమ్మ."

"అవ్వ ఎట్లున్నది? నాకు చెప్పకుంట ఏడుస్తదా?"

"లేదు. పిరికెడు తీస్తది," అన్నాను. డేగిషా సంగతి అంతా చెప్పాను, పోస్టాఫీసు సంగతి కూడా. అత్తమ్మ నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "డేగిషా వచ్చెటాళ్లకు నాకు ముగ్గురు పుడతరేమో," అంది. ఆమె చేతులకు ఇప్పుడు బంతి వాసన లేదు. పేడ వాసన, పొగ వాసన. జడ చివర ముడి వేసి, నా తల ఒకసారి తన పొట్టకు ఆనించుకుని వదిలింది. ఆ జడను నేను ఎన్ని రోజులు విప్పనివ్వలేదో అమ్మ తరువాత చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వేది.

అత్తమ్మకు ఆలూరులోనే ఆడపిల్ల పుట్టింది.

ఆ వానాకాలం వానలు పడలేదు. జొన్న చేలు మోకాటి ఎత్తులోనే ఎండిపోయాయి. గండిపేట చెరువు నీళ్లు లోపలికి లోపలికి పోయాయని చిల్కూరు నుంచి వచ్చేవాళ్లు చెప్పేవాళ్లు. ద్రాక్షతోటలో బాపుకు పని తగ్గించారు. మా ఇంట్లోనూ రెండు పూటలు ఒక పూట అయింది, అయినా అవ్వ పిడికిలి ఆగలేదు. చిన్నదైంది అంతే.

ఒక శనివారం వాడ చివర మూలింటి పెద్దమ్మ దగ్గరికి పోయాం. ఆమె భర్త పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలు. ఎప్పటిలాగే గురిగి తెచ్చి ఒంచింది. అడుగున పలచగా కొన్ని జొన్నలు. ఆమె పిల్లలు గుమ్మం దగ్గర కూర్చుని గంపలో పడే జొన్నలనే చూస్తున్నారు. ఇంటి కప్పులోంచి పొగ రావడం లేదు. లోపల ఏ వాసనా లేదు.

ఇంటికొచ్చి అవ్వకు అదే చెప్పాను. "ఆళ్లింట్ల పొయ్యి అంటుకోలేదు అవ్వా."

అవ్వ గంప చూసింది, మూలన ఉన్న మూట చూసింది. అప్పటికే అంగడికి పోవడానికి కట్టిన మూట అది. ఆడవాళ్లను పిలిచి, మూట మూలింటికి పంపుదామంది. చర్చి వెనక ఇంటి చిన్నమ్మ, మేం జల్లెడ చెయ్యి అనే ఆమె, అడ్డం చెప్పింది. ఆమె చెప్పిన దాంట్లో అన్యాయమేమీ లేదు.

"ఇప్పుడు మూట విప్పితే రేపు ఇంకో ఇల్లు అడుగుతది. అట్లయితె డేగిషా ఎన్నడొస్తది? నీ బిడ్డ కోసమే గద ఇదంత మొదలుబెట్టినవు. నీ బిడ్డ ఇంకెన్ని దినాలు ఆడ ఆ మాటలు పడాలె?"

అవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుని విప్పుతూ ఉంది.

"నా బిడ్డ మాటలు పడుతున్నది. మూలింటి పిల్లలు పస్తుంటున్నరు," అంది చివరికి. "ఆకలైనోళ్ల నోటికాడిది తీసి డేగిషా కొంటె, దాంట్ల వొండిన బువ్వ నాకు లోపలికి పోదు."

బాపు మూట భుజాన వేసుకుని మూలింటికి పోయాడు. కాసేపటికి ఆ ఇంటి మీద పొగ లేచింది. అవ్వ వాకిట్లో నిలబడి అటే చూసింది. ఆ చలికాలంలో ఇంకా రెండు ఇళ్లకు మూటలు పోయాయి. చర్చి వెనక ఇంటి చిన్నమ్మ మళ్లీ ఏమీ అనలేదు. ఆ తరువాత శనివారాల్లో ఆమె వేళ్లు కాస్త దగ్గరగా ఉన్నట్టు మాకు అనిపించేది. మా భ్రమ కూడా కావచ్చు.

రెండో క్రిస్మస్‌కు కూడా అత్తమ్మ రాలేదు. అవ్వ ఆ ఏడాది గారెలు చేయలేదు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. కోతలయ్యాక గురిగిలు మళ్లీ నిండాయి. మూలింటి పెద్దమ్మ తన కూలి జొన్నల్లోంచి గురిగి పొంగేదాకా పోసి, శనివారం దాకా ఆగలేక తానే మోసుకొచ్చింది. అత్తమ్మ లేకుండానే మూడో క్రిస్మస్ కూడా దాటింది. ఎండలు ముదిరేనాటికి పోస్టుమాస్టరు పైసలు ఇక సరిపోవచ్చని చెప్పాడు.

సిటీకి అవ్వ, పాస్టరమ్మ, బాపు పోయారు. ఏడ్చి నేను కూడా పోయాను. రాగి సామాన్ల బజారులో సుత్తెల చప్పుడుకు చెవులు గింగురుమన్నాయి. కళాయి పొగ గొంతులోకి పోయింది. కొత్త డేగిషాల ధర మాకు అందలేదు. అల్యూమినియం గిన్నెలు రెండు వస్తాయి, అవే తీసుకుందామంది పాస్టరమ్మ. అవ్వ ఒప్పుకోలేదు. "మనుమల పెండ్లిల్ల గూడ వొండాలె," అంది. ఒక దుకాణం వెనక, ఒక పక్క సొట్టపడిన పాత రాగి డేగిషా కనిపించింది. అవ్వ దాన్ని వేలి కణుపులతో చుట్టూ కొట్టి, చెవి ఆనించి విన్నది. లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది.

"సొట్ట వొండుటకు అడ్డమొస్తదా?" అని దుకాణదారుణ్ణి అడిగింది.

"అడ్డం రాదమ్మా. సూసెటందుకే."

"సూసెటందుకు మేం కొంటలేం," అంది అవ్వ.

కొత్తగా కళాయి పూయించేసరికి లోపలంతా తెల్లగా మెరిసింది. దాన్ని చూసి బస్సు కండక్టరు తలుపు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండలో ఎంతసేపు నిలబడ్డామో. చివరికి చేవెళ్ల నుంచి తెచ్చిన కూరగాయలు దింపి వట్టిగా పోతున్న లారీ ఒకటి ఆగింది. అందులో మా వైపు ఆడవాళ్లే, ఖాళీ గంపలతో. డేగిషాను నడుమ పెట్టారు. నేను దాంట్లోకి దిగి, సొట్ట ఉన్న చోట వీపు ఆనించి కూర్చున్నాను. రాగి ఎండకు వెచ్చగా ఉంది. చుట్టూ కొత్తిమీర, నలిగిన టమాట వాసన. కూరగాయలమ్మే ఆడవాళ్లు దేనికి, ఎవరిది అని అడుగుతుంటే అవ్వ మొదటినుంచీ చెప్పుకొచ్చింది. నాకు పైన ఆకాశం, చెట్ల కొమ్మలు మాత్రమే కనిపిస్తున్నాయి. లారీ కుదిపినప్పుడల్లా డేగిషా గంటలా మోగేది. ఊరి బాట దగ్గర దింపాక వాడ పిల్లలంతా దాని చుట్టూ చేరి కర్రలతో కొడుతూ చర్చి దాకా వచ్చారు. ఆనాడు రైలుపట్టా ముక్కను ఎవరూ కొట్టలేదు. ఆ చప్పుడుకే వాడంతా బయటికొచ్చింది.

అత్తమ్మ బిడ్డను చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేసి భోజనాలు పెడతామని బాపు ఆలూరు పోయి చెప్పొచ్చాడు. వస్తారో రారో చివరిదాకా తెలియదు. ఆ ఆదివారం పొద్దున్నే అవ్వ పొయ్యి తానే అంటించింది. ఎసరు మరుగుతుంటే ఇంట్లోకి పోకుండా డేగిషా పక్కనే కూర్చుంది.

వాళ్లు బండిలో వచ్చారు. అత్తమ్మ చంకలో బిడ్డ. బండి దిగి ఆమె ఎవరినీ పలకరించలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి వచ్చి, అవ్వ పక్కన కూలబడి, ఆమె భుజం మీద తల పెట్టింది. అవ్వ ఒక చేత్తో గరిటె పట్టుకునే, రెండో చేత్తో కూతురి వీపు నిమురుతూ ఉండిపోయింది. పొగ కళ్లలోకి వస్తోందని ఇద్దరూ అన్నారు.

ఆనాడు మూడు బంతులు కూర్చున్నాయి. అన్నం ఏ మెతుకుకు ఆ మెతుకు విడివడి వచ్చింది. అత్తమ్మ అత్తగారు రెండోసారి వడ్డించుకున్నాక, డేగిషా వైపు చూసి అడిగింది.

"ఎవరి దగ్గర తెచ్చిన్రు వదినా? కిరాయి మస్తు గుంజిండా?"

"కిరాయిది గాదు వదినా. ఈ వాడది."

ఎట్లా కొన్నారో మా అమ్మ చెప్పింది. ఆమె తింటూ తింటూ ఆగి విన్నది. చెయ్యి కడుక్కున్నాక అవ్వ దగ్గరికి వచ్చి, కాస్త తగ్గిన గొంతుతో అంది.

"ఎండలు పోంగ చిన్నోని పెండ్లి ఉన్నది. ఇస్తరా?"

మా అమ్మ అవ్వ మొహం చూసింది. నేనూ చూశాను. అవ్వ వెంటనే తలూపింది.

"ఎందుకియ్య? నా బిడ్డ ఉండే ఇల్లాయె. కని ఒకటి. మల్ల తెచ్చేనాడు వట్టిగ తేకుర్రి. పిరికెడు జొన్నలేసి తెండి. అదే కిరాయి."

ఆ తరువాత చుట్టుపక్కల ఎన్ని ఊళ్లకు ఆ డేగిషా పోయిందో. ఎప్పుడు తిరిగొచ్చినా అడుగున గలగలమంటూ జొన్నలు. అత్తమ్మ కూడా పండుగకూ పబ్బానికీ వచ్చిపోయేది. వచ్చిన ప్రతిసారీ ముందు నా జడ విప్పేది.

డేగిషా వచ్చేసింది కదా, ఇక పిడికెడు ఆపాలని ఎవరూ చెప్పలేదు. తీయాలనీ చెప్పలేదు. ఆ శనివారం మేం పోవాలా వద్దా అని గంప పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాం. "ఇగ దేనికి అవ్వా?" అని అడిగాను. "దేనికో ఎట్ల తెలుస్తదే ఇప్పుడే," అంది అవ్వ, గంప నా నెత్తి మీద పెడుతూ. పోయి చూస్తే ప్రతి ఇంట్లోనూ గురిగి నిండే ఉంది. ఆ జొన్నలు తరువాత ఒకరి దవాఖాన ఖర్చుకు పోయాయి, ఒకరి ఇంటి పెంకులకు పోయాయి. మా చర్చికి నిజమైన గంట వచ్చింది. నేను పెద్ద బడికి చేవెళ్ల పోవడానికి మొదటి ఏడాది బస్సు పాసు కూడా వాటితోనే వచ్చింది.

ఆ తరువాత రేషన్ బియ్యం వచ్చాయి, పిండిగిర్నీ వచ్చింది. ఇసుర్రాళ్లు వాకిళ్లలో పడి ఉండి, ఎప్పుడో మాయమయ్యాయి. ఆడవాళ్లు తోట పనులు వదిలి కంపెనీ బస్సులెక్కారు. సడక్ వెడల్పయింది, భూములకు ధర వచ్చింది. అవ్వ పోయింది, బాపు పోయాడు. పోయిన ఏడు అత్తమ్మ కూడా పోయింది. ఆమె చావుకు భోజనాలు క్యాటరింగ్ వాళ్లు ప్లాస్టిక్ పళ్లాల్లో పెట్టారు. బాగానే ఉన్నాయి. ఎవరికీ తక్కువ కాలేదు.

చేవెళ్ల పోయే బస్సులో ఎప్పుడైనా కిటికీ పక్కన చోటు దొరికితే, మా వాడ ఉన్న చోటు కోసం చూస్తాను. ఫామ్‌హౌసుల ప్రహరీ గోడలు, పెద్ద గేట్లు, లోపల పచ్చగడ్డి. బాట ఎక్కడ మలుపు తిరిగేదో, మూలిల్లు ఎక్కడ ఉండేదో పోల్చుకోలేను, అంతలోనే బస్సు దాటిపోతుంది. ఎప్పుడైనా శనివారం సాయంత్రం ఆ దారిన పోతే మాత్రం బస్సు దిగిపోవాలనిపిస్తుంది. పొయ్యిలు అంటించే వేళ అది. గంప దించి, ఏదో ఒక గుమ్మం ముందు నిలబడి, గొంతెత్తి పిలవాలనిపిస్తుంది. లోపలి నుంచి "వస్తున్న ఆగు బిడ్డా" అని ఎవరో ఒకరు అనాలనిపిస్తుంది.